చంటిబిడ్డకు టోపీ: కొత్తగా అల్లిక నేర్చుకునేవారికి



ఊలు అల్లిక అనగానే మన వైపు వాళ్ళకి ముందు నవ్వొస్తుంది. మే నెలలో బందరు ఎండకి భుజం మీద తువ్వాలు కూడా బరువనిపించే చోట ఊలు టోపీ ఎవరికమ్మా అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. పెద్దవాళ్ళకి మన డెల్టాలో ఊలు బట్టలతో పని ఏడాదికి నెలన్నర కూడా ఉండదు. డిసెంబరు తెల్లవారుజామున పాలకి బయల్దేరే తాతగార్ల మంకీ టోపీ తప్ప వీధిలో ఊలు కనిపించదు. (ఆ మంకీ టోపీకి ఇంగ్లీషులో బాలాక్లావా అని పేరు. 1854లో క్రిమియా యుద్ధంలో పోరు జరిగిన ఊరి పేరు అది. మా నర్సులందరికీ పెద్దదిక్కయిన నైటింగేల్ అమ్మగారు గాయపడిన సైనికులకు సేవ చేసింది ఆ యుద్ధంలోనే.)

కానీ అప్పుడే పుట్టిన బిడ్డ సంగతి వేరు. తల్లి కడుపులో 37 డిగ్రీల వెచ్చదనంలో తొమ్మిది నెలలు ఉండి, ఒళ్ళంతా తడితో ఒక్కసారిగా బయటికి వస్తుంది. మనకి హాయిగా ఉన్న గది ఆ బిడ్డకి చలి గది. అందుకే కాన్పు గది 25 డిగ్రీలకు తగ్గకూడదని, ఫ్యాను గాలి తగలకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే బిడ్డ తన దగ్గరున్న కాస్త శక్తినీ ఒళ్ళు వేడి చేసుకోవడానికే ఖర్చు పెట్టేస్తుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది, మందకొడిగా ఉంటుంది, పాలు పట్టదు. పాలు పట్టకపోతే ఇంకా చల్లబడుతుంది. రెండున్నర కిలోల లోపు పుట్టిన పిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో ఇది తొందరగా జరుగుతుంది, వాళ్ళకి చర్మం కింద కొవ్వు ఉండదు కాబట్టి.

ఇక తల. పెద్దవాళ్ళ ఒంటి చర్మంలో తల వాటా పదో వంతు లోపే. పసిబిడ్డకి అది దాదాపు ఐదో వంతు. ఆ తల తడిగా, బోడిగా గాలికి వదిలేస్తే వేడి అటునుంచే పోతుంది. పుట్టగానే బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి, పైన పొడిగుడ్డ కప్పి, తలకి టోపీ పెడతాం. మొదటి గంటలోనే పాలు పట్టిస్తాం. మొదటి స్నానం 24 గంటలు దాటాకే. పెద్దవాళ్ళు తొందరపడతారు గానీ ఆ స్నానానికి ముహూర్తం ఏమీ దాటిపోదు.

తక్కువ బరువు పిల్లలకు ఇప్పుడు కంగారూ పద్ధతి వచ్చింది. 1970ల చివర కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లలను పెట్టాల్సి వస్తుంటే, డాక్టర్ ఎడ్గార్ రే అనే ఆయన బిడ్డను తల్లి రొమ్ముల మధ్యే కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. నెలలు తక్కువ పిల్లలందరికీ పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ బిడ్డ ఒంటి మీద ఉండేవి మూడే: లంగోటీ, మేజోళ్ళు, టోపీ. అంటే మనం కొత్తగా నేర్చుకుని అల్లగలిగిన అన్నిటికంటే చిన్న వస్తువు, వార్డులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే వస్తువు ఒకటే అయింది. కొత్తవాళ్ళు స్వెట్టరు మీద చెయ్యి పెట్టకండి. అది సగంలో ఆగిపోయి బీరువాలో పడి ఉంటుంది. టోపీ అయితే చెయ్యి తిరిగాక రెండు సాయంత్రాల పని.

"నాకు అరవై దాటినయ్యి సిస్టరమ్మా, ఇప్పుడేం నేర్చుకుంటాను" అని గుడివాడ వైపు పెద్దమ్మ ఒకావిడ అన్నది. కూతురి కాన్పుకని వచ్చి వరండాలో కూర్చున్న మనిషి. "పూలు కట్టడం ఎవరు నేర్పారు పెద్దమ్మా?" అన్నాను. "అదెవరు నేర్పాలి, చూసి చేసుకోవటమే" అన్నది. అల్లిక కూడా అంతే. మన డెల్టా ఆడవాళ్ళ చేతులకి దారంతో పని కొత్త కాదు. దివిసీమ తీరంలో వల బాగుచేసే ఇళ్ళున్నాయి. మాల కట్టడం రాని చెయ్యి లేదు. నర్సాపురం, పాలకొల్లు వైపు బంధువులున్నవాళ్ళకి లేసు అల్లిక తెలిసే ఉంటుంది.

ఆ లేసు గురించి ఒక్క మాట. దాన్ని ఆ ప్రాంతానికి తెచ్చింది 19వ శతాబ్దపు మిషనరీలు. ఒకే ఒక్క కొక్కెం సూదితో తలగడ గలేబుల నుంచి బల్లగుడ్డల దాకా అల్లి విదేశాలకు పంపే స్థాయికి మన ఆడవాళ్ళు దాన్ని తీసుకెళ్ళారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో అచ్చయిన తన పుస్తకంలో చూపించింది వేరే ముఖం: ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అని పేరు పెట్టి, రోజంతా అల్లినవాళ్ళకి అతి తక్కువ కూలి ఇచ్చారని. అందుకే నా అభిప్రాయం చెబుతాను. మీ మనవడికి అల్లుకోండి, వార్డుకి ఉచితంగా ఇవ్వండి, సంతోషం. ఎవరైనా అమ్ముకోవడానికి అల్లించుకుంటే మాత్రం పట్టిన గంటలు లెక్కపెట్టి కూలి అడగండి.

ఇక పనిలోకి వద్దాం. వలలో ప్రతి కన్నూ ఒక ముడి. ఒకటి తెగినా పక్కవి నిలుస్తాయి. రెండు సూదుల అల్లికలో ముడులే ఉండవు. ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోవడమే. అందుకే టోపీ సాగుతుంది, బిడ్డ తలకి నొక్కుకోకుండా అంటుకుని ఉంటుంది. ఒక ఉచ్చు సూది మీద నుంచి జారితే కింది వరసలు కూడా నిచ్చెన మెట్లలా విడిపోయేదీ అందుకే. ఈ రెండు సంగతులు తెలిస్తే కొత్తవాళ్ళకి సగం భయం పోతుంది.

సూదులు నంబర్ల మీద అమ్ముతారు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. మొదలుపెట్టడానికి 8 నంబరు జత తీసుకోండి. అది 4 మిల్లీమీటర్ల లావు. దారం మరీ సన్నం కాకుండా మధ్యరకం, లేత రంగుది కొనండి. నలుపు, ముదురు నీలం దారంలో కుట్లు కనిపించవు, కంటి అద్దాలు ఉన్నవాళ్ళకి మరీ కష్టం. 50 గ్రాముల ఉండతో ఒక టోపీ అయి ఇంకా మిగులుతుంది.

ఏ దారం అన్నది ముఖ్యం. షాపుల్లో ఊలు అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం గొర్రె ఊలు కాదు, ఆక్రిలిక్. అది మెత్తగా ఉంటుంది, తేలిక, ఉతకడం సులువు. కానీ చెమట పీల్చదు. అసలు ఊలు కొందరు పిల్లల చర్మానికి గరుకుగా ఉంటుంది, వేడినీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుంది. నూలు దారం చెమట పీలుస్తుంది, వేడినీళ్ళకి తట్టుకుంటుంది, కానీ తడిస్తే తొందరగా ఆరదు. మన వాతావరణానికి నూలు లేదా నూలు కలిసిన దారం మేలని నేనంటాను. డిసెంబరు, జనవరిలో పుట్టే బిడ్డలకి పసిపిల్లల కోసం అమ్మే మెత్తని ఆక్రిలిక్ పరవాలేదు.

మొదట జారుముడి వేసి ఎడమచేతి సూదికి ఎక్కించండి. అది మొదటి కుట్టు. కుడిచేతి సూదిని ఆ ఉచ్చులోకి ముందు నుంచి వెనక్కి దూర్చండి. దారాన్ని కుడి సూది మొనకి ఒక చుట్టు చుట్టండి. ఆ చుట్టుని ఉచ్చులోంచి ముందుకి లాగండి. ఇప్పుడు కుడి సూది మీద ఒక కొత్త ఉచ్చు వచ్చింది. దాన్ని తీసి ఎడమ సూదికే తగిలించండి. రెండు కుట్లయ్యాయి. ఇలాగే 20 దాకా ఎక్కించండి. ఇంకా పద్ధతులున్నాయి గానీ కొత్తవాళ్ళకి ఇదే మంచిది, ఎందుకంటే ఎక్కించేటప్పుడే అసలు అల్లిక కూడా వచ్చేస్తుంది.

అల్లేటప్పుడు తేడా ఒక్కటే. సూది దూర్చి, దారం చుట్టి, ఉచ్చు లాగాక, కొత్త ఉచ్చుని కుడి సూది మీదే ఉంచి, పాత ఉచ్చుని ఎడమ సూది నుంచి దించేయాలి. దూర్చు, చుట్టు, లాగు, దించు. అంతే. వరస అయ్యాక సూదులు చేతులు మార్చుకుని మళ్ళీ మొదలు. దీన్ని నిట్ కుట్టు అంటారు. పర్ల్ అని దీనికి తిరగేసిన కుట్టు ఇంకొకటి ఉంది. మన టోపీకి దానితో పనిలేదు. అన్ని వరసలూ నిట్ కుట్టే వేస్తే గుడ్డ రెండువైపులా ఒకేలా గట్లుగట్లుగా వస్తుంది, బాగా సాగుతుంది.

మొదటి ముక్క వంకరగా వస్తుంది. అది అందరికీ అంతే. కొత్తవాళ్ళు సాధారణంగా దారాన్ని బిగించి లాగుతారు, అప్పుడు సూది దూరక వేళ్ళు నొప్పి పుడతాయి. కుట్టు సూది మీద అటూ ఇటూ జరిగేంత వదులు ఉండాలి. ఇంకొకటి, 20 కుట్లతో మొదలుపెట్టింది చూస్తుండగా 23 అవుతుంది. వరస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి వెళ్ళి ఒక్క కుట్టు రెండుగా కనిపించడం వల్ల ఇది జరుగుతుంది. దారాన్ని సూది కింద నుంచి వెనక్కి పట్టుకుంటే సరి. ప్రతి వరస చివరా లెక్కపెట్టుకోండి. వరస మధ్యలో వదిలి లేవకండి. కుట్టు జారితే కంగారుపడి లాగకుండా వెంటనే ఒక పిన్నీసు గుచ్చి ఆపండి, తీరిగ్గా పైకి ఎక్కించుకోవచ్చు. ఈ మొదటి ముక్కతో పొయ్యి మీది గిన్నె మాత్రం దించకండి. ఆక్రిలిక్ దారం వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది.

చెయ్యి కుదిరాక టోపీ. నెలలు నిండిన బిడ్డకైతే 64 కుట్లు, చిన్న బిడ్డకైతే 52 కుట్లు ఎక్కించండి. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. టోపీ 30 సెంటీమీటర్లు వస్తే సాగి సరిపోతుంది. చిన్నపిల్లలకి 25 చాలు. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది కనుక నాలుగైదు వరసలయ్యాక టేపు పెట్టి చూసుకోండి. తేడా ఎక్కువ ఉంటే విప్పి కుట్లు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. విప్పినా దారం ఎక్కడికీ పోదు, అల్లికలో ఉన్న సుఖం అదే.

పెద్ద సైజుకి 14, చిన్న సైజుకి 11 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అన్ని వరసలూ నిట్ కుట్టే. తర్వాత వరసలో రెండేసి కుట్లలోకి ఒకేసారి సూది దూర్చి ఒకటిగా అల్లండి. 64 కాస్తా 32 అవుతాయి, 52 అయితే 26. ఒక వరస మామూలుగా అల్లి, ఆ తర్వాతి వరసలో మళ్ళీ రెండేసి కలపండి. 16 లేదా 13 మిగులుతాయి. ఇప్పుడు మూరెడు దారం వదిలి కత్తిరించి, పెద్ద కన్నున్న మొద్దు సూదిలోకి ఎక్కించి, మిగిలిన ఉచ్చులన్నిటిలోంచి పోనిచ్చి, సంచి మూతిలా దగ్గరికి లాగండి. అదే దారంతో పక్క అంచులు రెండూ కలిపి కుట్టేయండి. కుట్టు ఉబ్బెత్తుగా ఉండకూడదు. బిడ్డ ఎప్పుడూ పడుకునే ఉంటుంది, ఆ ఉబ్బు తలకి గుచ్చుకుంటుంది.

ఇక్కడి నుంచి చెప్పేది మాత్రం చెయ్యి తిరిగినవాళ్ళు కూడా చదవండి.

దారం కొసలు. మొదట్లో ఒకటి, చివర ఒకటి వేలాడుతుంటాయి. వాటిని సూదితో గుడ్డలోకి బెత్తెడు దూరం పోనిచ్చి, మళ్ళీ వెనక్కి తెచ్చి, అప్పుడు కత్తిరించాలి. ఉత్త ముడి వేసి వదిలేస్తే ఉతికినప్పుడు ఊడుతుంది. మేజోళ్ళలో అయితే ఇది మరీ ప్రమాదం. ఊడిన దారం లోపల బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే, బిడ్డ కాళ్ళు ఆడించేకొద్దీ బిగుస్తుంది, వేలు వాచి దారం కనిపించకుండా చర్మంలోకి దిగిపోతుంది. రక్తం ఆడక వేలు నల్లబడవచ్చు. అవనిగడ్డ వైపు నుంచి ఒకసారి ఇలాంటి బిడ్డను తెచ్చారు. రాత్రంతా ఏడిస్తే కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు పట్టారట. మేజోడు విప్పితే గానీ సంగతి తెలియలేదు. వేలు దక్కింది. కారణం తెలియకుండా బిడ్డ ఆపకుండా ఏడుస్తుంటే బట్టలన్నీ విప్పి, చేతివేళ్ళూ కాలివేళ్ళూ ఒక్కొక్కటే చూడండి. దారమో, తల్లి తలవెంట్రుకో చుట్టుకుని ఉంటే ఇంట్లో బ్లేడుతో ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

చేతులకి గ్లౌజులు అల్లవద్దనే నేనంటాను. బిడ్డ ఆకలేస్తే చెయ్యి నోట్లో పెట్టుకుని మనకి చెబుతుంది. ఆ గుర్తు మనకి కనిపించాలి. లేసులా చిల్లుల డిజైన్లు కూడా వద్దు, వేళ్ళు ఇరుక్కుంటాయి. బంతులు, గుండీలు, పూసలు, గడ్డం కింద కట్టే రిబ్బన్లు ఏవీ వద్దు. ముద్దుగా ఉంటాయి, నిజమే. ఊడి నోట్లోకి పోతాయి, మెడకి చుట్టుకుంటాయి.

కలరా ఉండలు. పెద్దపిల్ల పుట్టినప్పుడు అల్లిన స్వెట్టరు, టోపీ ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచి, ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ పిల్ల బిడ్డకే తొడగడం మన ఇళ్ళల్లో ఉంది. కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. అది పైకి కనిపించదు. అలాంటి బిడ్డకి కలరా ఉండల ఘాటు తగిలితే రక్తకణాలు చితికిపోయి, తీవ్రమైన కామెర్లు వస్తాయి. ముదిరితే మెదడు కూడా దెబ్బతింటుంది. మీ బిడ్డ ఆ కోవలోది అవునో కాదో మీకు తెలియదు కాబట్టి చంటిబిడ్డ బట్టల దగ్గరికి కలరా ఉండలు రానివ్వకండి. ఆ పెట్టెలోవి తొడగనే వద్దు. కొత్తగా అల్లినవి ఉతికి, బాగా ఎండనిచ్చి, శుభ్రమైన సంచిలో కట్టి పెట్టుకోండి.

సాంబ్రాణి. స్నానం అయ్యాక నిప్పుల మీద సాంబ్రాణి వేసి బిడ్డను పొగ పట్టే అలవాటు ఇంకా ఉంది. ఆ పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు. పైగా తల మీద ఆక్రిలిక్ టోపీ ఉండగా నిప్పు దగ్గరికి తీసుకెళితే ఒక్క రవ్వ పడినా చాలు.

ఎన్నాళ్ళు పెట్టాలి? తక్కువ బరువు పిల్లలకి డాక్టరుగారు చెప్పినన్నాళ్ళు. నెలలు నిండి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి మొదటి గంటల్లో తప్పనిసరి, ఆ తర్వాత చలిరాత్రుల్లో, ప్రయాణంలో చాలు. మన వైపు ఏప్రిల్‌లో పుట్టిన బిడ్డకి కూడా కిటికీలు మూసి, టోపీ పెట్టి, రెండు దుప్పట్లు చుట్టి, బాలింత గది అంటారు. బిడ్డకి ఒళ్ళు కాలిపోతుంటే జ్వరమని పరిగెత్తుకొస్తారు. టోపీ తీసి, గుడ్డలు వదులు చేసి, పాలు పట్టిస్తే కొందరికి కాసేపట్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే అది జ్వరమే, పసిబిడ్డకి జ్వరం చిన్న విషయం కాదు, వెంటనే చూపించాలి. వేడి ఎక్కువైనా బిడ్డ ప్రాణానికి ముప్పే. మొదటి గంటలు దాటాక, నవజాత శిశు విభాగంలో తప్ప, ఇంట్లో ఉన్నప్పుడు టోపీ పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022 సూచనల్లో ఉంది. నిద్రలో వదులు టోపీ జారి ముక్కుని మూసే ప్రమాదం కూడా ఉంది.

చేత్తో చూసి తెలుసుకునే పద్ధతి ఒకటుంది. బిడ్డ పొట్టా పాదాలూ రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి పడుతోంది, టోపీ పెట్టి తల్లి గుండెలకి హత్తుకోవాలి. రెండూ చల్లగా ఉంటే అలా హత్తుకునే ఆసుపత్రికి రావాలి. మెడ వెనక చెమట పట్టి ఉంటే టోపీ తీసేయండి.

తుపాను రోజుల్లో దివిసీమ వాళ్ళకి ఈ టోపీ అవసరం మరీ ఎక్కువ. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన మన పెద్దవాళ్ళెవరూ మరిచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపానులన్నీ మనకి వర్షంతో, చలిగాలితో అక్టోబరు నుంచి డిసెంబరు లోపే ఎక్కువగా వస్తాయి. ఇప్పుడు హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రులకు తరలిస్తున్నారు. ఏడో నెల రాగానే ఒక సంచి సిద్ధం చేసుకోండి: ఉతికి ఆరేసిన మెత్తని నూలు గుడ్డలు నాలుగు, టోపీలు రెండు, తల్లికి ఒక చీర, ఆసుపత్రి కార్డు. అన్నీ ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టాలి. తడిసిన టోపీ పెట్టడం కంటే అసలు పెట్టకపోవడం నయం.

కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళు నన్ను అడుగుతుంటారు, మేం అల్లవచ్చా అని. వాపు, మంట లేని రోజుల్లో అల్లవచ్చు. వేళ్ళు కదలడం మంచిదే. అరగంటకోసారి ఆపి, చేతులు చాపి మూసి తెరవండి. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతుంటే ఆపేసి డాక్టరుగారికి చూపించండి.

ప్రసూతి వార్డుకి టోపీలు ఇవ్వదలచినవాళ్ళు సువాసన లేని సబ్బుతో ఉతికి, బాగా ఆరబెట్టి, కవరులో పెట్టి, ఏ దారమో చీటీ మీద రాసి పగటి డ్యూటీ సిస్టరుగారికి ఇవ్వండి. పెద్ద సైజువి చాలానే వస్తున్నాయి. 52 కుట్లవి తక్కువ పడుతున్నాయి.